పెద్దమ్మకు కనపడిన మాటలు

నిఘంటువు ఆఫీసంటే ఏ పెద్ద భవనంలోనో ఉంటుందనుకున్నాను. ఒక ఇంటి మేడ మీద ఉంది. కింద ఇల్లు, పైన ఆఫీసు, మధ్యలో ఇరుకు మెట్లు. పైన రెండు గదులు. మొదటి గదిలో పొడవాటి బల్ల, గోడ పొడవునా చిన్న చిన్న చెక్క సొరుగులు, వాటి నిండా దళసరి కాగితపు చీటీలు. ప్రతి చీటీకి ముందువైపు ఒక ఇంగ్లీషు మాట, వెనకవైపు తెలుగులో దాని అర్థం. రెండో గదిలో కిటికీ, కిటికీ పక్కన కుర్చీ, కుర్చీలో పెద్దమ్మ.

ఎడిటర్ గారు తయారుచేస్తున్నది మామూలు నిఘంటువు కాదు. ఏ పాత పుస్తకంలోనో ఒక్కసారి కనిపించి మాయమయ్యే ఇంగ్లీషు మాటలకు మాత్రమే అందులో చోటు.

"అందరూ వాడే మాటలకు అర్థాలు చెప్పేవాళ్లు వీధికొకరున్నారమ్మా," అన్నారు నేను చేరిన రోజు. "దిక్కులేని మాటలకే ఎవరూ లేరు."

పెద్దమ్మ ఆయనకు వదిన. ఆయన అన్నగారు పోయాక ఆ ఇంటికి ఆవిడే పెద్ద. ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఆ అక్షరాలు కూడా గుర్తుపట్టదు. అందుకే ఆయనకు ఆవిడ కావాలి. అర్థం రాయడం అయ్యాక ఆవిడ ముందు స్టూలు మీద కూర్చుని, ఇంగ్లీషు మాట చెప్పకుండా, అర్థం ఒక్కటే చదవాలి. పెద్దమ్మ కళ్లు మూసుకుని వింటుంది. విన్నది కళ్ల ముందు కదిలితే "కనపడింది" అంటుంది. కదలకపోతే "చీకటి" అంటుంది. కనపడిన చీటీ సొరుగులోకి పోతుంది, చీకటి చీటీ మళ్లీ బల్ల మీదికి వస్తుంది. ఎన్నో ఏళ్లుగా అక్కడ పని అలాగే జరుగుతోంది.

"నీకు ఇంగ్లీషు 'వి' ఇస్తున్నాను," అని ఎడిటర్ గారు ఒక సొరుగు లాగి నా ముందు పెట్టారు. "చిన్న అక్షరం. ఇది పూర్తయ్యేసరికి నీ మాటలు మా వదినకు కనపడితే బల్ల దగ్గర ఈ కుర్చీ నీది. లేదంటే ఏమీ అనుకోవద్దు. మీ అన్నయ్య దుకాణం ఉండనే ఉంది."

అన్నయ్యది ఇస్త్రీ దుకాణం. కౌంటరు దగ్గర కూర్చుని మడతలు పెట్టి, మూటలు కట్టి, ఏ చొక్కా ఎవరిదో గుర్తుంచుకునే మనిషి కావాలి తనకు. "అర్థాలు రాసి బాగుపడ్డవాణ్ణి ఒక్కణ్ణి చూపించు," అనేవాడు. "సరే, వెళ్లు. ఆ అక్షరమేదో అయ్యాక వచ్చి బుద్ధిగా మడతలు పెడుదువుగాని."

నాకు మాత్రం ఆ కుర్చీ కావాలి. మా ఊరి బడిలో అట్ట ఊడిపోయిన నిఘంటువు ఒకటి ఉండేది. అందులో తెలియని మాటకు అర్థం వెతికితే ఇంకో తెలియని మాట ఉండేది. దాన్ని వెతికితే మళ్లీ మొదటి మాటే. తలుపు తీస్తే ఎదురుగా గోడ ఉన్నట్టు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఇంటర్వెల్ అంతా కూర్చునేదాన్ని. ఎవరైనా ఆ గోడకు ఒక కిటికీ పెడితే బాగుండుననిపించేది. ఆ పని చేసేవాళ్లు నిజంగా ఉంటారనీ, వాళ్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉంటుందనీ అప్పుడు తెలియదు.

బల్లకు అవతలి కొసన కంప్యూటరు ముందు ఇంకొకాయన ఉండేవాడు. పూర్తయిన చీటీలు టైపు చేయడం ఆయన పని. ఎవరెంతసేపు మాట్లాడినా చివర్లో ఒక్క మాటతో ముగించేస్తాడని అందరూ ఫుల్‌స్టాప్ అని పిలిచేవాళ్లు. "కొత్తమ్మాయి. పల్లెటూరి బడిలో చదివింది, చేతిరాత బాగుంది, గట్టిగా మాట్లాడదు, చూద్దాం," అని ఎడిటర్ గారు నన్ను పరిచయం చేస్తే, "మంచిది," అన్నాడు. చాలాకాలం దాకా ఆయన నాతో అన్నది అంతే.

నా చేతికొచ్చిన మొదటి మాట వెలస్. మనిషి ఒంటి మీద ఉన్నట్టే తెలియని మెత్తటి సన్న వెంట్రుకలు. పెద్ద పుస్తకాల్లో ఉన్నది ఉన్నట్టు తెలుగు చేసి తీసుకెళ్లాను. పెద్దమ్మ చేతిలో చొక్కా, సూది, ఊడిన గుండీ. కళ్లు మూసుకుని విన్నది.

"చీకటి."

మళ్లీ రాశాను. మళ్లీ చీకటే. ఇక రాయడం మానేసి ఆవిడ ఎదురుగా ఊరికే కూర్చున్నాను. కిటికీలోంచి ఎండ వచ్చి ఆవిడ చెంప మీద పడింది. చెంప అంచున సన్నటి వెలుగు లేచి నిలబడింది. ఆవిడ దారం కొరకడానికి తల తిప్పగానే పోయింది. బల్ల దగ్గరికి వెళ్లి, "ఎండ ఏటవాలుగా పడితే చెంప మీద మెరిసి, ముఖం తిప్పగానే మాయమయ్యే నూగు" అని రాసుకొచ్చాను.

"కనపడింది," అంది పెద్దమ్మ. కళ్లు తెరవడానికి కాస్త ఆలస్యం చేసింది.

ఆ రోజుల్లో నేను ఇంటికి నడిచే దారి కూడా మారిపోయింది. సాయంత్రం విచ్చుకునే పూలనూ, సాయంత్రం తిరిగే పురుగులనూ కలిపి చెప్పడానికి వెస్పర్‌టైన్ అని ఒక మాట ఉంది. అది తెలిశాక దీపాలు వెలిగేవేళ వీధి వీధంతా ఆ మాట కిందికే వచ్చినట్టుండేది. షట్టర్లు దించేవాళ్లు, బస్సు కిటికీకి తల ఆనించి కునికేవాళ్లు, అరుగుల మీద కబుర్లు చెప్పుకునేవాళ్లు, అందరూ పగలంతా ముడుచుకుని అప్పుడే విచ్చుకున్నట్టు కనిపించేవాళ్లు. నిద్రలో మాటలు నీళ్లలో చేపల్లా నన్ను ఒరుసుకుంటూ వెళ్లేవి. ఒకదాన్ని పట్టుకుంటే అర్థం చేతికి అంటుకునేది. లేచి చూసుకుంటే చేతికి తడి ఉండేది కాదు.

మధ్య మధ్య పెద్దమ్మ పక్కన కూర్చునేదాన్ని. ఆవిడ ఒళ్లో ఎప్పుడూ ఒక రేకు డబ్బా, దాని నిండా గుండీలు.

"ఇది ఏ చొక్కాది పెద్దమ్మా?"

"అదా? మా ఆయన కోటుది. కోటు పోయింది, గుండీ మిగిలింది. ఆయన మాత్రం నాకు మూడు కోట్లున్నాయని చెప్పుకుని తిరిగేవాడు."

"ఉన్నాయా?"

"ఉన్నది ఒకటే. మూడుసార్లు రంగు వేయించాడు."

నా మాటలు చకచకా కనపడటం మొదలైంది అప్పుడే. వాలెట్యుడినేరియన్ అంటే ఒంట్లో ఏదో అయిపోతోందని రోజూ భయపడుతూ, అస్తమానం నుదురు పట్టి చూసుకునే మనిషి. నేను చదవడం పూర్తి కాకముందే, "కనపడ్డాడు. మా మరిది," అంది పెద్దమ్మ. పక్క గదిలో దగ్గుతున్న ఎడిటర్ గారు టక్కున ఆపేశారు. ఫుల్‌స్టాప్ తల కంప్యూటరు వెనక్కి వెళ్లిపోయింది.

సొరుగు సగానికి పైగా పూర్తయింది. ఒక మధ్యాహ్నం నేను బల్ల మీద పెట్టిన టీ గ్లాసు అడుగు తడికి రెండు చీటీలు ఒకదాని మీదొకటి అంటుకుపోయాయి. ఒకటి వజైటస్, అప్పుడే పుట్టిన బిడ్డ పెట్టే మొదటి ఏడుపు. రెండోది వర్డిగ్రిస్, రాగికి పట్టే పచ్చటి చిలుము. పై చీటీలోని మొదటి వరుస, కింది చీటీలోని రెండో వరుస కలిసి ఒకే అర్థంలా నా ముందు నిలబడ్డాయి. నేను గమనించలేదు.

"లోకంలోకి వచ్చిన బిడ్డ మొట్టమొదట పెట్టే ఏడుపు," అని చదివాను. "వాడకుండా పక్కన పడేసిన రాగి గిన్నె మీద తేమకు పచ్చగా పేరుకునేది."

సగంలోనే తప్పు తెలిసింది. నోరు మాత్రం చివరిదాకా వెళ్లింది.

"కనపడింది," అంది పెద్దమ్మ. "అబ్బ, ఎంత బాగా కనపడిందనుకున్నావ్! చంటిబిడ్డ, పచ్చటి దుప్పటి, పక్కన గిన్నె, కిటికీలోంచి చల్లటి గాలి. రాసుకోవే, రాసుకో. చక్కగా ఉంది."

చీటీలు విడదీసుకుని బల్ల దగ్గరికి వచ్చాను. ఎడిటర్ గారు "కనపడిందా?" అని అడిగితే తల ఊపాను. నా మాటలు ఆవిడకు నిజంగా కనపడుతున్నాయా అని ఆ రోజు నిద్రపోయేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. పొద్దున్నే ఒక ఖాళీ చీటీ తీసుకుని, ఏ మాటకూ చెందని అర్థం ఒకటి రాశాను. ముందువైపు ఏమీ రాయలేదు.

"మెట్లెక్కి అలసిపోయిన నీడ గోడ లోపల కూర్చుని మంచినీళ్లు అడగడం," అని చదివాను.

"కనపడింది," అంది పెద్దమ్మ. "మా పాత ఇంట్లో అచ్చం అలాంటిదే ఉండేది."

"ఏది పెద్దమ్మా?"

"అదే. నువ్వు చదివింది."

"నేను చదివింది ఏ మాటా కాదు పెద్దమ్మా. ఊరికే రాశాను."

సూది గుడ్డలో సగం దిగి ఆగింది. ఆవిడ కళ్లు తెరిచి కిటికీ వైపు చూసింది. తర్వాత సూదిని ఇవతలికి లాగి, దారం చివరిదాకా వచ్చేవరకూ ఆగింది.

"తెలిసిందన్నమాట," అంది.

"ఎప్పటినుంచి ఇలా?"

"ఆ చెంప మీద నూగు కనపడింది. సాయంత్రం పూలూ కనపడ్డాయి. మరిదైతే నిజంగానే వచ్చి ముందు నిలబడ్డాడు. ఆ తర్వాత నేను అర్థాలు వినడం మానేశానే. నీ గొంతు వింటూ కూర్చున్నాను."

"అలా ఎందుకు చేశారు?"

"ఎందుకేమిటి? చీకటి, చీకటి అంటే నువ్వు మెట్లు దిగి పోతావు. ఈ గదిలోకి మళ్లీ ఎవరొస్తారు? వాళ్లిద్దరి సంగతి నీకు తెలియనిదా? ఒకడు అర్థం చెప్తాడు, ఇంకొకడు ముగించేస్తాడు. ఇన్నేళ్లలో ఒక్కరైనా ఈ గుండీ ఎవరిదని అడిగారా?"

నాకు కోపం రాలేదు. రావాల్సిందేమో. ఆవిడ చేతిలోని చొక్కా తీసుకుని రెండో వైపు పట్టుకున్నాను. ఆవిడ కుట్టింది.

ఆ సాయంత్రం ఎడిటర్ గారు నా సొరుగు లాగి చూసుకుని, "ఒక్క చీటీ మిగిలింది," అన్నారు. "అది కూడా కనపడితే ఈ కుర్చీకి కొత్త మెత్త వేయిద్దాం. నీకు నడుం నొప్పి వస్తుంది."

నోరు మెదపకుండా ఉంటే చాలు, ఆ కుర్చీ నాదే. ఆ చీటీని సంచిలో వేసుకుని, ఆ మాటే అనుకుంటూ ఇంటికి నడిచాను. దారిలో ఆ రోజు ఏ మాటా కదలలేదు. దీపం స్తంభం దీపం స్తంభంలా, గోడ గోడలా ఉంది. ఎక్కడో ఏ బడిలోనో ఒక పిల్ల ఈ నిఘంటువును ఒళ్లో పెట్టుకుని పేజీ తిప్పుతుంది. తలుపు తీసినట్టే తీసి, నేను కట్టిన గోడకు ముఖం కొట్టుకుంటుంది. ఆ పిల్ల నుదురు పట్టుకుని నిలబడటం నాకు కళ్లు తెరిచి ఉండగానే కనిపించింది.

మర్నాడు చెప్పేశాను. బల్ల పక్కన నిలబడే చెప్పాను, ఆ కుర్చీలో కూర్చుని చెప్పడం బాగోదనిపించి.

"ఎడిటర్ గారూ, నా మాటలన్నీ మళ్లీ చదివి వినిపించాలి. పెద్దమ్మకు చాలావరకు కనపడలేదు."

"కనపడిందని చెప్పిందిగా?"

"నేను వెళ్లిపోతానని అలా చెప్పారు."

ఆయన కళ్లద్దాలు తీసి చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వెళ్లారు. "వదినా, ఈ అమ్మాయి చెప్పేది నిజమేనా?"

"నిజమేనయ్యా."

"ఇదేం పని వదినా! ఇన్నేళ్లుగా నేను నిన్ను నమ్ముకుని..."

"నమ్ముకున్నావు కాబట్టే బతికి బట్టకట్టావు. మీ అన్న పోయిన ఏడాది గుర్తుందా నీకు? నేను చీకటి అంటే చాలు, ఆ పూట భోజనం మానేసేవాడివి. కనపడిందంటే కంచం ముందుకొచ్చేవాడివి. మనిషివి పుల్లలా అయిపోయావు. నేనేం చెయ్యను? ఆ ఏడాదంతా నాకు అన్నీ కనపడ్డాయి."

ఆ ఏడాది ఎడిటర్ గారు రాసింది మొదటి అక్షరం. అది టైపయి, దిద్దుబాట్లయి, ప్రెస్సుకు వెళ్లడానికి కట్టగా బల్ల కొసన సిద్ధంగా ఉంది. ఫుల్‌స్టాప్ ఆ కట్ట వైపు చూశాడు.

"అయితే మళ్లీ 'ఏ' నుంచా," అన్నాడు. ఆయన నోట అంత పెద్ద వాక్యం నేనెప్పుడూ వినలేదు.

ఎడిటర్ గారు నా వైపు చూడకుండానే, "నువ్వు ఇంటికి వెళ్లమ్మా," అన్నారు.

మెట్లు దిగాను. ఇరుకు మెట్లు కదా, రెండు గోడలూ భుజాలకు తగులుతూ కింద దాకా దిగబెట్టాయి.

అన్నయ్య నన్ను చూసి ఇస్త్రీపెట్టె పక్కన నిలబెట్టాడు. "అయిపోయిందా అక్షరం?" అన్నాడు.

"అయిపోయినట్టే."

"సరే, కూర్చో. ఈ దుప్పట్లు మడత పెట్టు. వీటికి అర్థాలు ఎవరూ అడగరు."

వేడి గుడ్డ వాసన, ఆవిరి. మడత మీద మడత. చేతులు పని నేర్చుకుంటుంటే మనసు ఎక్కడో తేలుతూ ఉండేది. మర్నాడు దువ్వెన కోసం సంచిలో చేయి పెడితే చీటీ తగిలింది. మిగిలిపోయిన ఆ ఒక్క మాట. వెలీయిటీ. వెనకవైపు "కార్యరూపం దాల్చని బలహీనమైన ఇచ్ఛ" అని నేను రాసిందే ఉంది. చదువుకుంటే నాకే చీకటిగా ఉంది.

చీటీని కౌంటరు మీద పెట్టుకుని వీధిలోకి చూస్తూ కూర్చున్నాను. ఎదురు దుకాణంలో గడియారాలు బాగుచేసేవాడు ఒక బస్సు వచ్చినప్పుడల్లా కుర్చీలోంచి సగం లేచేవాడు. బస్సు కదిలిపోతే కూర్చునేవాడు. ఏ ఊరి బస్సో నాకు కనపడదు. గొడుగు తీసుకుని గుమ్మంలోకి వచ్చిన ఒకావిడ ఆకాశం చూసి, వాన లేకపోయినా, తిరిగి లోపలికి వెళ్లింది. చూస్తూ ఉంటే పెద్దమ్మ గుర్తొచ్చింది. పని సద్దుమణిగాక ఆవిడ ఒక్కోరోజు మంచి చెప్పులు తీసి వేసుకునేది. కిందిమెట్టు మీద కూర్చునేది. వంతెన దాకా నడిచి రావాలని ఉందే, అనేది. కాసేపటికి చెప్పులు విప్పేసి లోపలికి వచ్చేది. నేను తోడొస్తానంటే, "ఇప్పుడెందుకులే," అనేది.

చీటీ మీద ఉన్నది కొట్టేసి, మళ్లీ రాశాను.

"అన్నయ్యా, ఇది ఇచ్చేసి వస్తాను. వాళ్లది నా దగ్గర ఉండిపోయింది."

"ఇచ్చేసి వస్తావా, ఇచ్చేసి అక్కడే ఉంటావా?"

"వాళ్లు వెళ్లమన్నారుగా."

"నువ్వు మడత పెట్టిన దుప్పటి చూశావా? ఆ రెండు కొసలూ జన్మలో కలుస్తాయా? వెళ్లు వెళ్లు. అడిగి చూడు."

మెట్లెక్కుతుంటేనే ఎడిటర్ గారి గొంతు వినపడింది. రెండో గదిలో స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పొడవాటి మనిషి కావడంతో మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. ఒళ్లో ప్రెస్సుకు పోవాల్సిన కట్ట.

"ఇదీ కనపడలేదా?" అంటున్నారు.

"లేదు. చీకటి. మధ్యాహ్నం భోజనం మాత్రం మానకూడదు, ముందే చెప్తున్నా."

"తింటాను వదినా." ఆయన ఆ కాగితం మీద ఉన్నది కొట్టివేసి, తలెత్తి నన్ను చూశారు. "పొద్దున రాలేదేం?"

"మీరు ఇంటికి వెళ్లమన్నారు."

"వెళ్లమన్నాను, రావద్దన్నానా? నా తల పనిచేయక ఆ పూటకి వెళ్లమన్నాను. వీళ్లందరికీ మాటలకు అర్థాలు నేను చెప్పాలి, నా మాటకు అర్థం ఎవరికీ తెలియదు." స్టూలు మీంచి కష్టంగా లేచారు. "చివరి చీటీ నీ దగ్గరే ఉందిగా? కూర్చో. నా ముందు చదువు. వదినా, నిజం చెప్పాలి."

"నిజమే చెప్తా. చదవవే."

పెద్దమ్మ కళ్లు మూసుకుంది.

"వెళ్లాలని చెప్పులు వేసుకుని, మెట్టు మీద కాసేపు కూర్చుని, మళ్లీ విప్పేసేంత కోరిక," అని చదివాను.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. ఆ చప్పుడు దూరమై, దూరమై, పూర్తిగా పోయాక పెద్దమ్మ చేయి గుండీల డబ్బా మీదికి వచ్చి ఆగింది.

"కనపడింది," అంది.

"ఏం కనపడింది వదినా?" అన్నారు ఎడిటర్ గారు ఆత్రంగా.

"నీకెందుకయ్యా?"

ఆయన నా వైపు చూసి నవ్వారు. నేను చూడనట్టు తల దించుకున్నాను. పెద్దమ్మ కళ్లు తెరిచి, "ఏమే, నన్ను రాశావా అందులో?" అంది.

"గడియారాలు బాగుచేసే ఆయన్ని రాశాను పెద్దమ్మా."

"మరి చెప్పులు ఎవరివి?"

నేను చీటీని ముందువైపుకు తిప్పాను. ఆవిడ దారం తీసి సూదిలోకి ఎక్కించమని నా చేతికిచ్చింది.

ఎడిటర్ గారు పెద్ద గదిలోకి వెళ్లి బల్ల ముందు నిలబడ్డారు. "నీ సొరుగులో ఎంత చీకటి ఉందో ఇంకా చూడాలి," అన్నారు అక్కడినుంచే. "నా కట్టలో అంతకంటే ఎక్కువే ఉందనుకో. ఒక్కణ్ణే చేస్తే ఈ జన్మకి తెమలదు." కట్టను చేతులతో అటూ ఇటూ తూచినట్టు చూసి, రెండుగా విడదీసి, ఒక భాగాన్ని నా కుర్చీ ముందుకు జరిపారు.

"తెమలదు," అన్నాడు ఫుల్‌స్టాప్.

నా భాగంలో పైన ఉన్న కాగితం మీది మాట ఎప్రిసిటీ. చలికాలపు ఎండలోని వెచ్చదనం అని ఆయన రాశారు. తప్పేమీ లేదు, కానీ చదువుతుంటే చలి వేయలేదు, ఎండా తగల్లేదు. గదిలో చూశాను. ఎండ నా కుర్చీకి ఇంకా కాస్త దూరంగా నేల మీద పడి ఉంది. కుర్చీని అక్కడికి జరుపుకుని, కిటికీకి వీపు పెట్టి, పెన్ను మూత తీయకుండా కాసేపు అలాగే కూర్చున్నాను.